ప్రశంస, అవధానం, స్వభావోక్తి: క్యాథలిక్ ప్రాథమిక పాఠశాల వార్తలపై నైతిక పరిశీలన

ప్రాథమిక పాఠశాల వారం వారం తల్లిదండ్రులకు పంపే వార్తాపత్రం చాలా చిన్న రచన. సెలవుల తేదీలు, ఆటల పోటీల ఫలితాలు, ఆ వారం మెప్పు పొందిన పిల్లల పేర్లు, పోగైన విరాళాల మొత్తం, చర్చిలో జరగబోయే ప్రార్థనల వివరాలు అందులో ఉంటాయి. సాహిత్య విమర్శ దాని జోలికి పోదు. అయినా ఒక సమాజం తన పిల్లల్లో దేనిని మంచిగా గుర్తిస్తున్నదో అంత సూటిగా ప్రకటించే రచన మరొకటి అరుదు. ఎవరి పేరు చెప్పాలి, దేనికి చెప్పాలి, ఏ పేరైనా ఎన్నడూ రాకపోతే ఆ మౌనానికి అర్థమేమిటి అన్న ప్రశ్నలు దాని ప్రతి వాక్యం వెనుకా ఉన్నాయి.

క్యాథలిక్ పాఠశాల విషయంలో ఈ ప్రశ్నలు మరింత పదునెక్కుతాయి. ఆ పాఠశాల ప్రమాణంగా స్వీకరించే మత్తయి సువార్తలోనే రెండు బోధలు ఎదురెదురుగా నిలుస్తాయి. కొండమీది ప్రసంగంలో 5వ అధ్యాయం సత్కార్యాలు దీపంవలె నలుగురికీ కనిపించాలంటుంది. 6వ అధ్యాయం ధర్మకార్యం చేసేవాని రెండో చేతికి సైతం తెలియనంత గోప్యంగా సాగాలంటుంది. మొదటి బోధను అనుసరిస్తే వార్త అవసరం; రెండోదాన్ని అనుసరిస్తే వార్త అనుమానాస్పదం. ఈ రెండింటికీ సమన్వయం సాధ్యమా అన్నది ఈ వ్యాసం పరిశీలించే సమస్య.

పోటీ, పతకం, పని

క్యాథలిక్ విద్యాసంప్రదాయం ప్రశంస విషయంలో ఏకకంఠంతో మాట్లాడలేదు. జెస్విట్ సభవారు 1599లో ఖరారు చేసిన విద్యావిధాన గ్రంథం 'రాషియో స్టూడియోరమ్' విద్యార్థుల మధ్య స్పర్ధను బోధనాసాధనంగా స్వీకరించింది. ప్రతి విద్యార్థికీ ఒక ప్రతిస్పర్ధి ఉంటాడు; ఒకరి తప్పును మరొకరు పట్టుకుంటారు; గెలిచినవారికి సభాముఖంగా బహుమతులు అందుతాయి. ఆ ఏర్పాటు ఉద్దేశించినది లాటిన్ నేర్చే పెద్ద పిల్లలను. దండనభయం కంటే కీర్తికాంక్ష మేలైన ప్రేరణ అన్న విశ్వాసం దాని వెనుక ఉంది. బెత్తం రాజ్యమేలిన కాలంలో అది చిన్న సంస్కరణ కాదు.

మూడు శతాబ్దాల తరువాత క్యాథలిక్ విశ్వాసంలోనే పెరిగిన మరియా మాంటిసోరి దీనికి భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. 1907 జనవరి 6న రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో ఆమె తొలి 'బాలల గృహం' ఆరంభమైంది. 1909లో వెలువడిన తన గ్రంథంలో ఆమె ఒక సంఘటన నమోదు చేసింది. తరగతిలో ఒక బాలునికి మెప్పుగా తెల్లని రిబ్బనుతో వెండి శిలువ కట్టారు. మరొక బాలుణ్ణి దండనగా గది నడుమ కుర్చీలో కూర్చోబెట్టారు. శిలువ ధరించినవాడు తన పనిమీద అటూఇటూ తిరుగుతుండగా అది జారి కింద పడింది. కుర్చీలోని బాలుడు దాన్ని తీసి చూపించాడు. పనిలో ఉన్నవాడు తనను ఆపినందుకు విసుక్కున్నాడే తప్ప శిలువను పట్టించుకోలేదు; కావాలంటే నువ్వే పెట్టుకో అన్నట్టు వదిలేశాడు. ఖాళీగా ఉన్న బాలుడు దాన్ని ధరించి తృప్తిగా కూర్చున్నాడు.

పతకం పనిచేస్తున్నవానికి అడ్డు, పని లేనివానికి అలంకారం అన్న గ్రహింపు ఈ సంఘటనలో ఉంది. దీనికి మరో కోణమూ ఉంది. దండన పొందిన బాలునికి తృప్తి కలిగింది పతకంతోనే. అతనికి కావలసినది వెండి కాదు, నలుగురిలో ఒక స్థానం. అందుచేత ప్రశంసను రద్దు చేయడం సమస్యకు పరిష్కారం కాదు. ఇంట్లో తొలిసారి బడికి వచ్చిన తరంవారి పిల్లలకు, నలుగురిలో మాట పెగలని పిల్లలకు, అచ్చులో ఒక్కసారి కనిపించిన పేరు ఇచ్చే ధైర్యం తక్కువ కాదు. ఈ ఆక్షేపణకు సమాధానం చెప్పని ఏ వాదమూ నిలవదు.

అవధానం: చూపరులకు అందనిది

చదువు వార్తగా మారగలదా అన్న ప్రశ్నకు ఫ్రెంచి తత్త్వవేత్త సిమోన్ వేయ్ 1942లో రాసిన ఒక వ్యాసం తోడ్పడుతుంది. భగవత్ప్రేమ దృష్టితో బడి చదువుల సద్వినియోగం దాని విషయం. క్యాథలిక్ విద్యార్థులను ఉద్దేశించి ఆమె దాన్ని ఒక దొమినికన్ గురువుకు అందజేసింది. ఆమె వాదం ప్రకారం చదువు పరమప్రయోజనం అవధానశక్తిని పెంచడం. ప్రార్థనకు మూలధాతువూ ఆ శక్తే. ఒక రేఖాగణిత సమస్యతో గంటసేపు పెనుగులాడి సాధించలేకపోయిన విద్యార్థి కూడా నిష్ఫలుడు కాడు. ఆ శ్రమ అతని అంతరంగంలో మరోచోట వెలుగుగా మారుతుంది. మార్కులమీద ఆశ లేకుండా, చేసిన తప్పును తప్పించుకోకుండా చూడటం ఆమె దృష్టిలో గొప్ప సాధన.

ఈ వాదాన్ని అంగీకరిస్తే పాఠశాల వార్తకు ఒక స్వాభావిక పరిమితి ఏర్పడుతుంది. అది ఫలితాన్ని చెప్పగలదు, అవధానాన్ని చూపలేదు. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అర్థంకాక మూడు వారాలు తడబడి, నాలుగో వారం కూడా తప్పుచేసిన బాలిక గురించి ఏ వార్తాపత్రమూ రాయదు. తరగతిలో ఆ వారం జరిగిన నిజమైన చదువు మాత్రం ఆమెదే కావచ్చు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక ఆక్షేపణ సహజంగా తోస్తుంది. అవధానం అన్న మాటకు మన సాహిత్యంలో సభతో విడదీయరాని బంధం ఉంది. పృచ్ఛకుల ప్రశ్నలు, అప్రస్తుత ప్రసంగి అడ్డంకులు, శ్రోతల హర్షధ్వానాలు అవధాని ఏకాగ్రతను చెదరగొట్టవు, పదును పెడతాయి. అట్లయితే బహిరంగ ప్రశంస ఏకాగ్రతకు శత్రువని చెప్పగలమా? సమాధానం అవధాని స్థితిలోనే ఉంది. అతడు ఏళ్ల తరబడి ఒంటరి సాధన చేసి, తన ఇష్టంతో సభకు వచ్చిన ప్రౌఢుడు. ఓటమి ప్రమాదాన్ని తెలిసి స్వీకరించినవాడు. ఏడేళ్ల పిల్లవాడు సభను ఎన్నుకోలేదు; సభే అతన్ని ఎన్నుకుంది, లేదా విడిచిపెట్టింది. రెండు సందర్భాలలోనూ అతని సమ్మతి లేదు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 16వ అధికరణం పిల్లల ఏకాంతాన్ని హక్కుగా గుర్తించింది. 1990లో వాటికన్ పీఠం ఆ ఒడంబడికలో చేరింది. పిల్లల పేరు పెద్దల సొత్తు కాదన్న భావన ఈ పాఠశాలలకు పరాయిది కాదు.

దానం వార్త అయినప్పుడు

సిమోన్ వేయ్ వ్యాసం చివర అవధానం పొరుగువాని ప్రేమగా పరిణమిస్తుంది. బాధితుణ్ణి 'అభాగ్యులు' అన్న వర్గానికి నమూనాగా చూడకుండా, తనవంటి మనిషిగా చూసి అతని బాధ ఏమిటని అడగగలగడమే ఆమె చెప్పే ప్రేమ. బడిలో లెక్క చేసే పిల్లవాడు తెలియకుండానే ఆ చూపును అభ్యసిస్తున్నాడు.

ఐర్లండ్ క్యాథలిక్ పాఠశాలల్లో తపస్సుకాలం ఈ అభ్యాసానికి పరీక్షాసమయం. అక్కడి పీఠాధిపతులు 1973లో స్థాపించిన సహాయసంస్థ పేరు 'ట్రోకరా'; ఐరిష్ భాషలో ఆ మాటకు కరుణ అని అర్థం. ఈస్టరుకు ముందటి వారాలలో ఆ సంస్థ అట్టపెట్టెలు పిల్లల చేతుల్లో ఇళ్లకు చేరుతాయి. పిల్లలు మిఠాయిల డబ్బు మిగిల్చి అందులో వేస్తారు. పెట్టెమీద దూరదేశపు కుటుంబం బొమ్మ ఉంటుంది. తాను తినవలసినది మానుకుని మరొకరిని తలచుకోవడం చిన్న వయసులో అలవడే గొప్ప సంస్కారం.

చిక్కు వార్త రాసే దశలో వస్తుంది. ఏ తరగతి ఎంత పోగుచేసిందో వరుసగా ప్రకటిస్తే దానం పోటీ అవుతుంది. పెట్టె తేలికగా ఉన్న ఇంటి పిల్లవాడు తలదించుకుంటాడు. ఆ ఇల్లే బడి నుంచి రహస్యంగా సహాయం పొందుతూ ఉండవచ్చు. పెట్టెమీది కుటుంబం గురించి వారి పేదరికం తప్ప ఏమీ చెప్పకపోతే వారు వర్గానికి నమూనాలవుతారు. అదే కుటుంబం ఏ పంట వేస్తుంది, వాన ఎందుకు తప్పింది, పిల్లలు బడికి ఎంత దూరం నడుస్తారు అన్నవి చెబితే వారు మనుషులవుతారు. మొత్తం ఒక్కటిగా చెప్పి, ఇచ్చినవారి పేర్లు దాచి, అందుకున్నవారి జీవితాన్ని గౌరవంతో వివరించే వార్త రెండు సువార్త బోధలనూ ఒకేచోట పాటించగలదు. దీపం వెలిగింది, చేయి కనబడలేదు.

'మన' అనే మాట పరిధి

పాఠశాల వార్తల్లో తరచుగా కనిపించే మాట 'మన సమాజం'. ఐర్లండ్‌లో ఈ మాటకు చరిత్ర ఉంది. 1831లో ఏర్పడిన జాతీయ పాఠశాలలు వేర్వేరు క్రైస్తవ శాఖల పిల్లలకు కలిపి చదువు, విడిగా మతబోధ అన్న ఆశయంతో ఆరంభమయ్యాయి. కాలక్రమంలో అవి శాఖలవారీగా విడిపోయాయి. నేటికీ అక్కడి ప్రాథమిక పాఠశాలల్లో అత్యధికం క్యాథలిక్ యాజమాన్యంలోనివే. ఫలితంగా అన్యమతాల పిల్లలకూ దగ్గరి బడి క్యాథలిక్ బడే అవుతుంది. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ పరిస్థితి వర్తిస్తుంది.

రెండో తరగతిలో, అంటే సుమారు ఏడెనిమిదేళ్ల వయసులో, క్యాథలిక్ పిల్లలు తొలిసారి దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తారు. అందుకు తయారీ బడిలోనే చాలావరకు సాగుతుంది. ప్రభుత్వ ధనం పొందే పాఠశాలలో మతబోధకు హాజరు కాకుండా చదివే హక్కును 1937 నాటి ఐరిష్ రాజ్యాంగం పిల్లలకు ఇచ్చింది. హక్కు ఉన్నా, తరగతి అంతా ఒక పండుగకు సిద్ధమవుతుండగా వెనుక బల్లమీద బొమ్మలు గీసుకునే పిల్లవాడు ఉంటాడు. ఆ వారం వార్తలో 'మన పిల్లలందరూ' అన్న మాట పడితే అతడు ఆ వాక్యంలో లేడు.

పండుగను దాచమని దీని అర్థం కాదు. తన విశ్వాసాన్ని ఆచరించే పాఠశాల దాన్ని ఆనందంగా చెప్పుకోవడం న్యాయం. 'అందరూ' అన్నచోట 'ఇరవైముగ్గురు' అని సంఖ్య రాస్తే చాలు. వాక్యం నిజమవుతుంది, మిగిలినవారి ఉనికి చెదరదు. అతిశయోక్తి చేసే అన్యాయాన్ని ఒక్క అంకె తొలగించగలదు.

స్వభావోక్తి ఒక నైతిక గుణం

చర్చ ఇక్కడ అలంకారశాస్త్రపు గడపకు చేరుతుంది. పొద్దు గుంకడం, పక్షులు గూటికి చేరడం వంటి సంగతుల కేవల కథనాన్ని భామహుడు కావ్యంగా ఒప్పుకోలేదు. దాన్ని వార్త అన్నాడు. వక్రోక్తి లేనిదే అలంకారం లేదని అతని మతం. దండి స్వభావోక్తిని ఆద్యాలంకారంగా నిలిపాడు. వస్తువు తీరును కళ్లకు కట్టేటట్లు చెప్పడమే ఒక శోభ అన్నాడు. కావ్యవిషయంలో ఈ వివాదం ఎట్లా తీరినా, పిల్లల గురించి రాసే వార్తకు దండి మార్గమే శరణ్యం.

కారణం స్పష్టం. 'అద్భుత ప్రతిభ', 'ఆదర్శ విద్యార్థిని' వంటి విశేషణాలు పోలికను లోపల దాచుకుంటాయి. ఒకరు ఆదర్శమైతే మిగిలినవారు కారు. 'కప్పగుడ్ల తొట్టిని తరగతి ఐదు వారాలు గమనించింది; తోకకు ముందు కాళ్లు పోతాయనుకున్న ఊహ తప్పని తామే తెలుసుకున్నారు' అన్న వాక్యంలో విశేషణం లేదు. అందులో తప్పు ఉంది, గమనిక ఉంది, నేర్చుకోవడం ఉంది. ఈ వాక్యం రాయాలంటే ఉపాధ్యాయుడు ముందుగా పిల్లల పనిని చూసి ఉండాలి. విశేషణం రాయడానికి ఆ అవసరం లేదు. సిమోన్ వేయ్ విద్యార్థి నుంచి ఆశించిన అవధానం ఇక్కడ ఉపాధ్యాయుని బాధ్యత అవుతుంది.

పేరు కోసం తపించే బాలుని ఆక్షేపణకు ఇదే సమాధానం. వంతులవారీగా అందరికీ పతకం పంచితే పిల్లలు ఆ మర్మాన్ని ఇట్టే కనిపెడతారు. ఆ బాలుడు కోరుతున్నది తనను ఎవరైనా చూడాలని. అతడు చేసిన పనిని ఉన్నది ఉన్నట్టు అతనితో చెప్పిన ఉపాధ్యాయుని మాట, అతని సమ్మతితో ఇంటికి పంపిన రెండు వాక్యాల చీటీ ఆ కోరికను తీరుస్తాయి. అచ్చులో పేరు అప్పుడు అదనపు సంతోషమే అవుతుంది, ఆకలి కాదు.

వార్త అన్న మాటకు 'సు' చేర్చి తెలుగు క్రైస్తవం తన మూలగ్రంథానికి పేరు పెట్టుకుంది. ఆ ఉపసర్గ పాఠశాల వార్తకూ అన్వయించాలంటే కొలమానం ఒకటే: తన పేరు లేని వార్తను చదివిన పిల్లవాడు కూడా తన తరగతిని అందులో గుర్తుపట్టగలగాలి.