మిగిలిన అన్నము ఎవరిది?

కఠోపనిషత్తులోని వాజశ్రవసుని యాగము మనలో పలువురెరిగినదే. ఉన్నదంతయు దానము చేసెదనని సంకల్పించిన ఆ గృహస్థు, తీరా దక్షిణల వేళకు, పాలుడిగి ఈతలుడిగిన ముసలి గోవులను తోలించుచుండగా, ఆ మందను చూచిన ఆయన కుమారుడు, బాలుడైన నచికేతుని మనస్సు తల్లడిల్లినది. తనకక్కరకు రాని వస్తువును పరుని వాకిట విడిచి వచ్చుట దానమెట్లగునను ఆ పసివాని సంశయము, దానమను పేరు వినబడు ప్రతిచోటను నిలుపదగిన సంశయమే. నేడు మన పట్టణములలో పెండ్లిమండపములందును, హోటళ్ళయందును, హాస్టళ్ళయందును మిగిలిపోయిన అన్నమును సేవాసంస్థలవారు సేకరించి, రాత్రికి రాత్రి ఆకలిగొన్నవారికి చేర్చుచుండుట చూచి హర్షింపనివారుండరు. అయినను ఆ హర్షము నడుమ నచికేతుని ప్రశ్న వినబడకపోదు. మన విస్తళ్ళు నిండి, మన యాకలి తీరి, ఇక మనకక్కరలేనిది పేదవానికి పంపుట అన్నదానమా, లేక ఒట్టిపోయిన గోవును తోలివేయుటయా?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయువారితో నేనేకీభవింపజాలను. ఆకలిగొన్నవానికి అన్నము ముఖ్యము గాని, అది యెట్లు వచ్చినదను విచారమేలయని వారి వాదము. ఆకలిగొన్నవాడును మానము కల మనుష్యుడే యన్న సంగతి ఆ వాదమున మరుగుపడుచున్నది. భగవద్గీత పదునేడవ యధ్యాయమున, నిలువయుండి చెడినదియు, ఒకరు తిని విడిచినదియు నగు ఆహారము తామసమని చెప్పబడినది. ఆ యధ్యాయముననే మరికొంత దూరము పోయిన పిమ్మట, తగని వేళ, తగని చోట, తిరస్కారముతో చేయు దానమును తామసమేయని చెప్పబడినది. అన్నము పాచిపోవుటయు, ఇచ్చువాని మనస్సు పాచిపోవుటయు ఆ గ్రంథమున ఒకే గుణము క్రింద లెక్కింపబడినవన్నమాట. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లియందు, చదువు ముగించుకొని ఇంటికి మరలు శిష్యునకు ఆచార్యుడు దానమును గూర్చి చేయు బోధలో, శ్రద్ధతోపాటు లజ్జయు ఉండవలెనని కలదు. ఆ లజ్జ ఇచ్చువానికి ఉండవలసినది; మన లోకమున అది పుచ్చుకొనువాని పాలబడినది.

అన్నదానమునకు ఆంధ్రదేశమున ఒక కొలత కలదు. అది లంకల గన్నవరపు ఇల్లాలు డొక్కా సీతమ్మగారు. 1841లో మండపేటలో జన్మించి, 1909లో స్వర్గస్థురాలైన ఆ తల్లి, గోదావరి పాయలు దాటి వేళగాని వేళ వచ్చిన బాటసారికి అప్పటికప్పుడు పొయ్యి రాజేసి, వండి, వడ్డించెడిది. అంతర్వేది స్వామిని సేవింప పల్లకిలో బయలుదేరి, దారిలో ఒక పెండ్లివారి గుంపున పిల్లలు ఆకలికి అలమటించుచుండగా విని, తీర్థయాత్ర మాని, వారికన్న ముందుగా ఇల్లు చేరుకొని వంట సిద్ధము చేసినదని కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. ఆమె అతిథి కొరకు వండినది. మనము మన కొరకు వండుకొని, మిగిలినదానికి అతిథిని వెదకుచున్నాము. ఈ భేదమును దాచిపెట్టి, అర్ధరాత్రి గుండిగ నొకదానిని వ్యానులోనికెక్కించిన మాత్రాన అన్నదాతలమైతిమని చెప్పుకొనుట ఆమె పేరునకు అపచారము.

అట్లయినచో ఈ పని యేమి? దానము కానిచో వ్యర్థమా? ఇచ్చటనే వ్యాసభాగవతము సప్తమ స్కంధము నాకు దారి చూపుచున్నది. గృహస్థధర్మమును గూర్చి యడిగిన ధర్మరాజుతో నారదుడు, దేహధారులకు తమ కడుపు నిండునంతవరకే తమదను హక్కు కలదనియు, అంతకు మించినదానిని నాదియని పట్టుకొనువాడు దొంగయనియు, వానికి దండన తగునేయనియు నిస్సంకోచముగా చెప్పినాడు. ఈ వాక్యమును మన్నించినచో మిగిలిన అన్నము మనదే కాదు. మనది కానిదానిని మనము దానమెట్లు చేయగలము? దాని సొంతదారునకు దానిని అప్పగింపగలము, అంతే. వాజశ్రవసుడు తన గోవులనిచ్చి పుణ్యము కోరినాడు. అందుచేత నచికేతుడు ప్రశ్నించినాడు. ఒకరి సొమ్మును వారికి చేర్చువానికి పుణ్యముపై ఆశ యుండరాదు, ఆలస్యము జరిగెనేమోయన్న భయముండవలెను.

ఈ భావము మనయొక్కరిదే కాదు. పొలము కోయునపుడు అంచులను పూర్తిగా కోయరాదనియు, రాలిన కంకులను తిరిగి యేరరాదనియు, అవి బీదలకును పరదేశులకును వదలవలెననియు బైబిలులోని లేవీయకాండము శాసించుచున్నది. రూతు గ్రంథమున విధవయగు రూతు పరిగె యేరుకొన బోయాజు చేనికి వచ్చినపుడు, ఆ ఆసామి తన పనివారిని పిలిచి, ఆమెను గద్దింపవలదనియు, పనలనుండి కొన్ని పిడికిళ్ళు కావలెననియే జారవిడువుడనియు చెప్పినాడు. నా దృష్టిలో ఈ విషయమున అంతకన్న సున్నితమైన ఉదాహరణము లేదు. రూతు యాచింపలేదు, బోయాజు దానము చేయలేదు. గింజ మాత్రము ఆకలి యున్నచోటికి పోయినది. మన కోస్తాజిల్లాలలోను, తెలంగాణములోను వరికోతల పిమ్మట పరిగ యేరుకొనుటకు బీదవారు చేలలో దిగినపుడు వద్దనని రైతులును ఆ ధర్మమునే పాటించినవారు.

ఇక శాస్త్రమును విడిచి వంటశాలకు పోవుదము. ఏ పెండ్లిమండపము వెనుకకైనను రాత్రి పదునొకండు గంటల వేళ పోయి చూడుడు. కడబంతి లేచినది. వంటమేస్త్రి తలగుడ్డ విప్పి గోడకు చేరగిలబడినాడు. ఒక గుండిగలో సగమువరకు తెల్లన్నము, మరొకదానిలో పులిహోర, అడుగంటిన సాంబారు, చెయ్యి పడని గుత్తివంకాయకూర, మూత పెట్టిన పెరుగు. ఇద్దరు యువకులు ఖాళీ డబ్బాలతో వచ్చుదురు. వారు మొట్టమొదట చేయు పని, విస్తళ్ళలో మిగిలినదానిని, గుండిగలో మిగిలినదానిని వేరుపరచుట. మొదటిది వారు ముట్టరు. పిదప అన్నములో చెయ్యి పెట్టి వేడి చూచి, మెతుకు నలిపి జిగురు చూచి, సాంబారు వాసన చూచి, తామొక ముద్ద తిని చూతురు. చింతపండు, నూనె పట్టిన పులిహోర తెల్లవారువరకు ఆగునని వారికి తెలియును. కొబ్బరిపచ్చడిని, పాలతో చేసిన తీపిని ఒల్లమందురు. ఆ ఒల్లమన్న మాటవలన గృహస్థు ముఖము చిన్నబోవచ్చును. అయినను ఆ నిరాకరణము ఈ వ్యవహారమంతటికిని ప్రాణము. తినబోవువాని పక్షమున, అతడక్కడ లేనపుడు, అతని మర్యాదను కాపాడువారు వారే.

పర్యుషితమును, అనగా నిలువయుండిన అన్నమును, వర్జింపుమన్న పెద్దల మాట ఆచారమాత్రము కాదు. వరియన్నమున బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొకటి కలదు. దాని బీజములు ఉడుకులో చావవు. అన్నము గోరువెచ్చగా గంటల తరబడి నిలిచినపుడు అవి మొలకెత్తి, తిరిగి వేడిచేసినను నశింపని విషమును పుట్టించును. కావున వండిన పదార్థమును అరువది డిగ్రీలకు పైని వేడిగానో, అయిదు డిగ్రీలకు లోపల చల్లగానో ఉంచవలెను. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2019లో మిగులు ఆహారపు సేకరణకును పంపిణీకిని ప్రత్యేక నిబంధనలనే వెలువరించినది. ఏ పదార్థమో, ఎవరిచ్చినదో, శాకాహారమో మాంసాహారమో వ్రాసి పంపవలెను. పేదవాని కడుపునకును లెక్కాపత్రము కావలెనని చట్టము గుర్తించుట చిన్న విషయము కాదు.

ఇచ్చువానికిని తినువానికిని నడుమనుండు ఈ సంస్థల పుట్టుక కూడ చెప్పదగినది. 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరమున జాన్ వాన్ హెంగెల్ అను నతడు సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంక్‌ను స్థాపించినాడు. అంగడివారు పారవేసిన సరకులనేరి బిడ్డలను పోషించుకొనుచుండిన ఒక తల్లి, వీనిని దాచియుంచి కావలసినవారు తీసికొనుటకు బ్యాంకు వంటిదొకటి యుండరాదాయని యడుగుటతో ఆ ఆలోచన పుట్టినదందురు. మన దేశమున 2014లో ఢిల్లీలో ఆరంభమైన రాబిన్‌హుడ్ ఆర్మీ ధనము స్వీకరింపదు. హోటళ్ళ మిగులును మోసి పంచు స్వచ్ఛంద సేవకుల కాలమే దాని మూలధనము. ఈ వ్యాపారమున నిజముగా దానమనదగినదేదైన నున్నచో, అది వీరిదే. గృహస్థు తనకక్కరలేనిదానిని విడిచినాడు. వీరు తమకు మిక్కిలి యక్కరయైన నిద్రను విడిచినారు.

ఒక భయము మాత్రము నన్ను వీడకున్నది. మిగిలినదానిని తీసికొనిపోవువారున్నారుగదాయని, మిగులునట్లే వండించు అలవాటు బలపడునేమో. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమము 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారము 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనది. అందులో నూటికి అరువదిపాళ్ళు ఇండ్లలోనే. సేవాసంస్థల వ్యాను ఎక్కునది ఇందులో ఎంత స్వల్పము! కూర చాలలేదన్న మాట పడరాదని అయిదువందల మంది వచ్చుచోట ఏడువందల మందికి వండించుట మనలో మర్యాదగా చెల్లుచున్నది. అది మర్యాద కాదు, భయము. మిగులును అప్పగించుట రెండవ ధర్మము. మిగులకుండ వండుట మొదటిది.

కావున చదువరులకు నాదొక్క మనవి. మీ యింట శుభకార్యము తలపెట్టినపుడు, మండపమునకు బయానా ఇచ్చిననాడే, మీ యూరి సేవాసంస్థవారి ఫోను నంబరు వ్రాసికొని, ఎవరు వచ్చెదరో, ఎన్ని గంటలకు వచ్చెదరో మాటాడి పెట్టుడు. రెండవ బంతి సాగుచుండగనే వారికి కబురంపుడు. గుండిగలు చల్లారిన పిమ్మట పిలువకుడు. వారు వచ్చినపుడు మీరే యెదురేగి, మూత తీసి చూపి, వారు వద్దన్నదానిని బలవంతపెట్టక, తీసికొన్నదానికి కృతజ్ఞత మీరే తెలుపుడు.