దారిలో ఎక్కడా ఆగకుండా

అమెరికాలోని డాలస్ నగరం 1991లో ఒక చట్టం చేసింది. పదిహేడేళ్లు నిండని పిల్లలు మామూలు రోజుల్లో రాత్రి పదకొండు నుంచి, శుక్ర, శనివారాల్లో అర్ధరాత్రి నుంచి, తెల్లవారి ఆరుదాకా బయట కనిపించకూడదు. కనిపిస్తే వాళ్లకే కాదు, బయట తిరగనిచ్చిన తల్లిదండ్రులకూ అయిదువందల డాలర్ల దాకా జరిమానా. మినహాయింపులు లేకపోలేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే ఫరవాలేదు. ఉద్యోగానికో, బడిలో జరిగే కార్యక్రమానికో వెళ్లి రావచ్చు. ఇంటిముందు కాలిబాట మీద నిలబడొచ్చు. పక్కింటి ముందైతే ఆ ఇంటివాళ్లు ఫిర్యాదు చేయనంతవరకే. తల్లిదండ్రులు చెప్పిన పనిమీద వెళ్లొచ్చు, కానీ దారి మళ్లకుండా, ఎక్కడా ఆగకుండా.

ఈ చివరి షరతు చదివాక నాకిది పరాయి దేశపు చట్టం అనిపించలేదు. "నేరుగా వెళ్లి నేరుగా రా, దార్లో ఎవరితోనూ నిలబడి మాట్లాడకు" అన్న మాట వినకుండా పెరిగిన ఆడపిల్ల మనలో ఎవరుంది? దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉండాలని మాకు ఏ మునిసిపాలిటీ చట్టం చేయలేదు. అయినా మా అన్నదమ్ములకి లేని ఆ చట్టం మా కాళ్లకి బాగా తెలుసు. మన ఇళ్లలో ఆడపిల్లలకి నోటిమాటగా ఉన్న కట్టడిని అక్కడి నగరాలు మగపిల్లలతో సహా అందరికీ కాగితం మీద రాశాయి.

"అందరికీ సమానమే కదా, ఇందులో స్త్రీవాదానికేం పని?" అని డాలస్ పక్కనే ఉండే నా స్నేహితురాలు అడిగింది. ఆమెకి పదిహేనేళ్ల కూతురుంది. 2023లో టెక్సాస్ రాష్ట్రం పిల్లల మీద నగరాలు పెట్టే కర్ఫ్యూలను రద్దు చేసినప్పుడు ఆమెకి దిగులేసింది. "ఇన్నాళ్లూ చట్టం ఒప్పుకోదే అనేదాన్ని. ఇప్పుడు వద్దనేది నేనే అవుతాను" అంది. ఆ భయం అబద్ధం కాదు. తుపాకులు తిరిగే వీధుల్లోకి పిల్లని పంపి ఏ తల్లి నిద్రపోగలదు? కానీ తల్లి వద్దంటే కూతురు ఎందుకని అడగగలదు, అలగగలదు, ఒప్పించగలదు. ఆ పేచీలోనే తన జాగ్రత్త తాను చూసుకోవడం నేర్చుకుంటుంది. పోలీసుతో ఆ పేచీ కుదరదు.

పోనీ భద్రతైనా దక్కిందా? 2016లో కాంప్‌బెల్ కొలాబొరేషన్ అనే సంస్థ ప్రచురించిన సమీక్ష పన్నెండు అధ్యయనాలను పరిశీలించి, కర్ఫ్యూల వల్ల నేరాలు గానీ, పిల్లలు నేరాలకు బలవడం గానీ తగ్గిన ఆధారం లేదంది. వాషింగ్టన్ మీద 2018లో వచ్చిన మరో అధ్యయనం, కర్ఫ్యూ ఒక గంట ముందుకు జరిగినప్పుడు ఆ గంటలో తుపాకుల మోత పెరిగిందని చూపింది. వీధిలో జనం పలచబడితే చూసే కళ్లు తగ్గుతాయి. ఆఖరి బస్సు దిగి నడిచే ఆడవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. మనల్ని చీకటికన్నా ఖాళీ వీధే ఎక్కువ భయపెడుతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఈ చట్టం అడుగున ఉన్న నమ్మకం: వీధి ప్రమాదం, ఇల్లు క్షేమం. ఇల్లు అందరికీ క్షేమం కాదని స్త్రీల ఉద్యమాలు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. సవతి తండ్రి చేతులు తప్పించుకుని రాత్రి ఒంటిగంటకి బయటపడ్డ పిల్లని ఊహించండి. ఆపదలో ఉంటే చట్టం మినహాయిస్తుంది. అయితే ఆ మాట నడిరోడ్డు మీద, యూనిఫాంలో ఉన్న కొత్త మనిషికి ఆమే చెప్పాలి. నోరు పెగలకపోతే తప్పు ఆమెదే. అమెరికాలో ఇంట్లోంచి పారిపోయారని అరెస్టు చేసిన పిల్లల్లో చాలా ఏళ్లపాటు అమ్మాయిలే ఎక్కువ.

మన హాస్టళ్ల సంగతీ చూడండి. 2015లో ఢిల్లీలో 'పింజ్రా తోడ్' పేరుతో అమ్మాయిలు గేటు వేళల మీద తిరగబడ్డారు. భద్రత సాకుతో హాస్టళ్లలో అమ్మాయిలకి వేరే నియమాలు పెట్టకూడదని యూజీసీ 2015 నిబంధనలు చెప్పాయి. 2022లో కోజికోడ్ మెడికల్ కాలేజీ విద్యార్థినుల కేసులో, కట్టడి అమ్మాయిలకే ఎందుకని కేరళ హైకోర్టు అడిగింది. ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ఏమిటి? కొన్ని సడలింపులతో, అబ్బాయిలకీ అమ్మాయిలకీ ఒకటే వేళ: రాత్రి తొమ్మిదిన్నర.

నా స్నేహితురాలి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. తాళం ఇద్దరికీ వేస్తే వివక్ష పోవచ్చు, తాళం పోదు. తప్పు చేయనివాళ్లని బంధించడం న్యాయమా అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. కాపాడతానన్నవాళ్లు ఖర్చు భరించాలి: వీధి దీపాలు, రాత్రి బస్సులు, ఆపదలో తలుపు తీసే ఆశ్రయాలు. కట్టడిలో ఆ ఖర్చంతా కాపాడబడేవాళ్ల నెత్తినే పడుతుంది. సినిమాలూ స్నేహాలూ వాళ్లే వదులుకోవాలి, రాత్రి షిఫ్టు చేసే ఒంటరి తల్లి జరిమానా కట్టాలి.

2025లో వాషింగ్టన్ నగర మండలి కర్ఫ్యూని పదిహేడేళ్ల వాళ్లకీ విస్తరించింది. ఇలాంటి ప్రతిపాదన రేపు మన ఊళ్లోకీ రావచ్చు. అప్పుడు మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటుంది: రాత్రి పదకొండుకి ఈ పిల్లలు వెళ్లడానికి, ఇల్లు కాక, మీరు తెరిచి ఉంచిన చోటు ఏది?