ఉపసంహార మెరుగని అస్త్రము

గౌతమీ గోదావరి సముద్రమును సమీపించుచోట, చుట్టును ఆంధ్రదేశము ఆవరించియుండగా తాను మాత్రము పుదుచ్చేరి పాలనలో నిలిచియున్న యానామునందు, సాయంకాలము ఏటిగట్టున గుంపుగా కూర్చుండి ఫోను తెరలపై తలలు వంచిన కుర్రవాండ్రను చూచిన పెద్దలు సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: ఇంతకాలము ఇట్లు వ్యర్థపుచ్చవచ్చునా యని. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని దానికంటె లోతైన ప్రశ్న మరియొకటి ఆ తెరలలోనే యున్నది. వారములకొలది పట్టుదలతో ఆడి, విధింపబడిన పరీక్షలన్నియు దాటి, బహుమానముగా పొందిన ఆయుధముపై దానిని పొందినవానికి గల అధికార మెట్టిది? సంపాదించుటచేతనే ప్రయోగించు అర్హతయు సిద్ధించునా? ఈ సంగతి ఆటదే యని తోసివేయుటకు నాకు మనసొప్పదు. ఏలనన, భారతకథలో సగము ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది, ఆ భారతమును తెనుగు చేయ నారంభించిన నన్నయ కూర్చున్న రాజమహేంద్రవరము ఈ గోదావరికి ఎగువనే యున్నది.

ఆటల నెరుగని పాఠకులకై కొంత వివరింతును. 2019 అక్టోబరు 1న విడుదలయైన కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ వంటి ఆటలలో కాలము సీజన్లుగా విభజింపబడియుండును. సీజను మారినపుడు కొత్త తుపాకి వచ్చును. ఫలానా ఆయుధముతో ఇందరిని పడగొట్టవలెను, ఇన్ని హెడ్‌షాట్లు వేయవలెను, ఇన్ని మ్యాచ్‌లు గెలువవలెను అని పనులు విధింపబడును. అవి తీరినగాని అది చేతికి రాదు. వచ్చిన పిమ్మట దానిపై బంగారు పూతకై మరికొంత శ్రమ, అన్ని ప్రధానాయుధములకును ఆ బంగారము సాధించినవానికి డమాస్కస్ పూత. (ఆ పేరు విన్నప్పుడెల్ల నాకు నిజామాబాదు సీమలోని కోనసముద్రము తలపునకు వచ్చును. డమాస్కసు కత్తులకు కీర్తి తెచ్చిన ఉక్కు మన కమ్మరుల మూసలలోను కరగినది. పారశీక వర్తకులు దానికై ఆ పల్లెదాక వచ్చెడివారు.) పబ్జీ అను మరియొక ఆటలో పద్ధతి వేరు. ఏడబ్ల్యూఎమ్ అను దూరపు గురి తుపాకి సాధారణముగా నేలపై దొరకదు. విమానము జారవిడుచు పెట్టెలో, కొద్దిపాటి తూటాలతో అది దిగును. 'డ్రాప్ పడింది' అను కేక విన్నంతనే దానికై పరుగెత్తువారందరును ఒండొరుల గురికి లోనగుదురు.

ముందుగా ఒక సందేహము తీర్చుకొనవలెను. తెరపై మనుష్యాకృతిని కాల్చుట హింసయేనా? ఈ విషయమున మిక్కిలి కఠినమైన తీర్పు జైనులది. క్రీ.శ. 959లో వేములవాడ చాళుక్యుల ఏలుబడిలోని గంగాధరయందు సోమదేవసూరి ముగించిన యశస్తిలక చంపువులో యశోధరుడను రాజు, తల్లి బలవంతముచే జీవహింసకు మారుగా పిండితో చేసిన కోడిని బలియిచ్చును. ఆ పిండికోడి పాపమునకే తల్లికొడుకులిరువురును నెమలిగను కుక్కగను ఇంకను ఎన్నో తిర్యగ్జన్మలెత్తి బాధపడుదురు. రక్తము చిందలేదు, ఐనను చంపవలెనను సంకల్పము ఉన్నది కనుక పాపమును ఉన్నది. ఈ న్యాయమును ఆటకు అన్వయించినచో ఆడు ప్రతి బాలుడును నరకభాజనుడగును. నేనట్లు తలంపను. యశోధరుని బలి వెనుక నిజమైన వధవలన కలుగు ఫలమే తనకు కలుగవలెనను కోరిక యుండెను. ఆటలోని ప్రత్యర్థియో తన యిష్టముచే బరిలోనికి వచ్చినవాడు, పడినను మరుసటి ఆటకైన లేచువాడు, ఆట ముగియగనే నవ్వుచు పలుకరించువాడు. ఇది మల్లబంధమునకు దగ్గరిది, వధకు కాదు. దోషము తూటాలో లేదు; దానిని మరియొకచోట వెదకవలెను.

అరణ్యపర్వములోని కిరాతఘట్టమును తీసికొందము. అర్జునుడును కిరాతుడును ఏకకాలమున వరాహమును కొట్టిరి. అది ఎవరి బాణమున కూలినదను వాదమే ఆ ద్వంద్వయుద్ధమునకు మూలము. 'నా కిల్ కొట్టేశాడు' అని తోడి ఆటగానిపై యానాం కుర్రవాడు మండిపడునపుడు ఆ తగవు ఎంత పురాతనమైనదో వానికి తెలియదు. కాని తరువాతి కథ ఆటలో లేదు. అర్జునుని అమ్ములపొదులు వట్టిపోయెను, గాండీవము చేజారెను, బాహువులును ఓడెను. స్పృహ తప్పి లేచి, మట్టితో లింగము చేసి పూజించి, తాను సమర్పించిన పూలమాల ఎదుటి బోయవాని శిరస్సుపై చూచినపుడుగాని అతడు శివుడని తెలియలేదు. అపుడు శివుడిచ్చిన పాశుపతాస్త్రము విజేతకు ఇచ్చిన బహుమానము కాదు. ఓడిన పిమ్మట, తన బలము ఎంతవరకో ఎరిగినవాని చేతిలో అది పెట్టబడెను. ఇచ్చునపుడు శివుడు విధించిన నియమమును గమనింపుడు: అల్పబలునిపై దీనిని విడిచినచో జగత్తే దగ్ధమగును, సాహసించి మనుష్యునిపై వేయరాదు. విడుచు విధమును, మరలించు విధమును రెంటిని కలిపియే ఉపదేశించెను.

దివ్యాస్త్రములన్నియు గడించి స్వర్గమునుండి తిరిగివచ్చిన అర్జునుని ధర్మరాజు వానిని చూపుమని కోరెను. అన్నగారి ముచ్చట, అందు తప్పేమున్నది? అర్జునుడు చూప నారంభించినంతనే భూమి కంపించెను, నదులు కలతపడెను, ప్రాణులు తల్లడిల్లెను. నారదుడు వచ్చి, లక్ష్యము లేనిచోట, అవసరము లేనివేళ ఈ అస్త్రములను తీయరాదని వారించెను. చూపుటకై తీసిన అస్త్రమును వారించిన ఈ ఘట్టము మన ఇతిహాసమున మిక్కిలి విలువైనదని నా నిశ్చయము. ఆటలోని బహుమానాయుధము యొక్క ప్రయోజనములో సగము ప్రదర్శనమే. డమాస్కస్ పూత తూటాకు బలము నీయదు, ఎదుటివాని కన్నులకు మాత్రమే అది ఉద్దేశింపబడినది. అచ్చట నారదుడు వారించిన కార్యమునకే ఇచ్చట బహుమతి.

ఇక ఐషీకపర్వము. ద్రోణుడు బ్రహ్మశిరమను అస్త్రమును అర్జునునకు ప్రీతితో ఇచ్చెను; కొడుకు అశ్వత్థామ వెంటబడి అడుగగా అంతగా సంతోషింపకయే అతనికిని ఇచ్చెను. ఆ అశ్వత్థామ ద్వారకకు పోయి, ఈ అస్త్రము తీసికొని నీ చక్రమిమ్మని కృష్ణుని అడిగెను. తీసికొమ్మని కృష్ణుడు పలికెను. ఎడమచేతితో పట్టెను, కుడిచేతితో పట్టెను, కదలింపలేకపోయెను. దీనితో నీవేమి చేయుదువని కృష్ణుడడుగగా, నీతోనే యుద్ధము చేయుదును, ఎవరికిని అజేయుడనగుదునని చెప్పెను. ప్రాణసమానుడైన అర్జునుడుగాని, కొడుకైన ప్రద్యుమ్నుడుగాని, అన్నయైన బలరాముడుగాని ఈ కోరిక కోరలేదని కృష్ణుని సమాధానము. తుదకు ఆ అశ్వత్థామయే గడ్డిపరకపై బ్రహ్మశిరమును ఆవాహించి విడిచెను. అర్జునుడును ప్రత్యస్త్రము వేసెను. వ్యాసనారదులు నడుమ నిలిచిరి. అర్జునుడు తన అస్త్రమును మరలించుకొనెను. అశ్వత్థామకు మరలించుట చేతకాలేదు, ఉత్తర గర్భముపైకి దానిని త్రిప్పెను. ఇరువురికిని అస్త్రము ఒకటే, గురువు ఒక్కడే, ప్రయోగమంత్రమును ఒకటే. తేడా అంతయు మరలించు విద్యయగు ఉపసంహారములోనే యున్నది. వ్రతము తప్పనివానికిగాని అది వశముకాదని వ్యాసుడు చెప్పియున్నాడు.

2009లో వచ్చిన మోడరన్ వార్‌ఫేర్ 2 అను ఆటలో, ఒక్కమారైనను చావక వరుసగా 25 మందిని కొట్టినవానికి అణ్వస్త్రము లభించును. మీట నొక్కిన కొన్ని క్షణములకు అందరును నశింతురు, ఆట ముగియును, నొక్కినవాని పక్షమే గెలుచును. దానిని సంపాదించుటకు ఎంత నేర్పు కావలెనో నేను తక్కువ చేయను. కాని దానిని చేతనుంచుకొని ప్రయోగింపక మానినవానికి ఆ ఆట ఏమియు ఈయదు. మీట నొక్కిన పిదప మరలించు మార్గమును లేదు. ఈ ఆటల దోషము నాకు కనబడినంతవరకు ఇదియే: సంపాదనమున్నది, ప్రయోగమున్నది; విద్యలో మూడవ భాగమగు ఉపసంహారము లేదు.

చట్టము ఈ లోపమును పూరింపలేదు. యానాం వారికి ఈ మాట ఒకరు చెప్పనక్కరలేదు. బాల్యవివాహములను వారించు 1929 నాటి శారదా చట్టము ఫ్రెంచి యానామునకు వర్తింపనందున, చుట్టుపట్ల ఊళ్లవారు పసిపిల్లలను తెచ్చి ఇచ్చట పెండ్లిండ్లు చేసికొనిపోయిరి. సరిహద్దు దాటినంత మాత్రమున ఆ పని ధర్మమైనదా? 2025 ఆగస్టులో కేంద్రము చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము డబ్బు పందెపు ఆటలను నిషేధించినది, ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించినది. అది మేలైన పనియే. ఐనను అది సొమ్మును గూర్చి అడుగునేగాని ఆయుధము పట్టినవాని చిత్తమును గూర్చి అడుగదు, అడుగజాలదు. చిత్తమును గూర్చి అడుగునది భారతకథయే: పరశురామునివద్ద కులము దాచి అస్త్రము నేర్చిన కర్ణునికి అక్కరకు రావలసిన వేళ అది స్ఫురింపలేదు. హ్యాకులతో గురి కుదుర్చుకొనువాడు, పరుల ఐడీ కొని బంగారు తుపాకి ధరించువాడు ఆ కథను ఒకసారి తలంచుట మంచిది.

2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము 118 యాప్‌లను నిషేధించినపుడు వానిలో పబ్జీ మొబైల్ ఒకటి. అక్టోబరు 30న ఈ దేశమున దాని ఆట నిలిచిపోయెను. ఏండ్ల తరబడి కూడబెట్టిన తుపాకి పూతలు ఎందరికో ఒక్కనాట అందకపోయెను. తమవనుకొన్నవి, నియమావళి చదివినచో, వాడుకొనుటకిచ్చిన అనుమతులేగాని ఆస్తులు కావు. గాండీవమును అట్టిదే. ఖాండవదహనమునకై అగ్ని దానిని వరుణునివద్దనుండి తెచ్చియిచ్చెను. యాదవస్త్రీలను కాపాడవలసిన దినమున దాని నారి ఎక్కించుటయే అర్జునునకు దుష్కరమాయెను, అస్త్రములు స్మృతికి రాలేదు, కర్రలు పట్టిన ఆభీరులు గెలిచిపోయిరి. అంత జరిగినను మహాప్రస్థానమున అతడు ఆ వింటిని విడువలేదు. రత్నములపై లోభముచే విడువలేదని వ్యాసుడు దాచక వ్రాసెను. అగ్నియే యెదుట నిలిచి అడుగవలసివచ్చెను. 2021 జులై 2న అదే ఆట బీజీఎమ్ఐ పేర తిరిగివచ్చినపుడు పాత ఖాతాలోని సంపదను తెచ్చుకొను వీలు కల్పించిరి, పిల్లలు సంబరపడిరి. అర్జునుడే విడువలేని దానిని పదునేడేండ్లవాడు విడువలేదని నిందించుట నాకు న్యాయముగా తోచదు.

నిందకు బదులు ఒక కోరిక కోరుదును. హైదరాబాదున నేడు ఆటలు తయారుచేయు తెలుగు యువకులు అనేకులున్నారు. తుపాకిని సంపాదించుటకంటె విడిచిన తూటాను మరలించు విద్యను సంపాదించుట కష్టతరముగా నుండునట్టియు, ఆ విద్య రానివానికి పెద్ద ఆయుధము దక్కనట్టియు, కేవలము చూపుటకై తీసినచో చేతినుండి జారిపోవునట్టియు ఒక ఆటను వారిలో ఎవరైన కూర్పవలెను. దాని నియమములు అరణ్యపర్వమునను ఐషీకపర్వమునను ఇంచుమించు పూర్తిగా వ్రాయబడియేయున్నవి.