మంచం పక్కన బడి

ఓరుగల్లు దిక్కు ఒక ఊళ్లో ఒక అవ్వ ఉండేది. ఇద్దరు కొడుకులు, వాళ్ల వెనక ఒక బిడ్డ. పెద్దకొడుకుది జనగామలో కిరాణా దుకాణం. రెండోవాడు మహబూబాబాద్ మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. బిడ్డను భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుబావి కార్మికునికి ఇచ్చారు. అవ్వకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ముగ్గురూ కూర్చుని వంతులు వేసుకున్నారు, ఒక్కో ఇంట్లో రెండేసి నెలలు. వంతులంటే కొందరికి చిన్నచూపు. ఈ ముగ్గురిలో మాత్రం అవ్వను బరువనుకున్నవాళ్లు ఒక్కరూ లేరు.

మొదటి వంతు జనగామది. పెద్దకొడుక్కి డబ్బుకు కొదవ లేదు. ఈ పనిలో శిక్షణ పొందిన ఒకామెను పగటిపూటకు జీతమిచ్చి పెట్టాడు. ఆయమ్మ పనిమంతురాలు. రెండు గంటలకోసారి అవ్వను పక్కకు తిప్పేది. మడమలు పరుపుకు ఒరుసుకోకుండా పిక్కల కింద దిండు పెట్టేది. కూర్చోబెట్టి తినిపించేది, తిన్నాక అరగంట దాకా పడుకోనిచ్చేది కాదు. పక్షవాతం వచ్చినవాళ్లకు మెతుకు దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు తెలుసు. అయినా అవ్వ నెల తిరిగేసరికి చిక్కి సగమైంది. నీళ్లు తాగమంటే మూతి బిగించేది. ఒకనాడు జ్వరం వచ్చి మాట తడబడింది. ఎప్పుడో పోయిన మొగుణ్ని పేరు పెట్టి పిలవసాగింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు డాక్టర్లు. మందులు రాశారు, తగ్గింది. నీళ్లెందుకు తాగడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు. అవ్వ జన్మంతా తెల్లవారకముందే లేచి బయటికి పోయొచ్చిన మనిషి. ఆయమ్మ వచ్చేది ఎనిమిదింటికి. అప్పటిదాకా డైపర్‌లో తడిసి పడి ఉండటానికి సిగ్గుపడి, తాగడమే మానేసింది.

తర్వాత మహబూబాబాద్. రెండోవాడికి డబ్బు లేదు, పట్టుదల ఉంది. ముసలివాళ్ల సేవ మీద పట్టణంలో ఒకరోజు శిక్షణ పెడుతున్నారని విని, ఆనాటి కూలి వదులుకుని పోయాడు. చెవి యొగ్గి విన్నాడు. ఇచ్చిన సర్టిఫికెట్‌ను గోడకు తగిలించాడు. "రెండు గంటలకోపారి పక్కకు మర్లెయ్యాలె, నడుము కాడ ఎర్రగైతున్నదేమో చూస్తుండాలె" అని భార్యకు చెప్పి, తెల్లారి బస్తాలు మోయడానికి పోయాడు. శిక్షణ రోజున ఆమె ఇంట్లోనే ఉంది, అవ్వ దగ్గర ఒకరుండాలి కదా. అవ్వను లేపేది, కడిగేది, తినిపించేది ఆమె. ఆమెకు మాట చేరింది, పని చేరలేదు. లేపేటప్పుడు దగ్గరగా ఉందని పడిపోయిన చేతినే పట్టి గుంజేది. సత్తువ పోయిన చేతికి భుజం కీలు పట్టు తప్పి ఉంటుంది. రోజూ గుంజితే జారుతుంది. నడుము కింద ఎర్రబడితే మంచిదనుకుని నూనె రాసి గట్టిగా రుద్దింది. ఎర్రబడిన తోలును రుద్దకూడదు. అక్కడే పుండు లేచింది. రాత్రిళ్లు అవ్వ మూలుగుతుంటే పక్కన ఆ కోడలూ ఏడ్చేది.

భూపాలపల్లి చేరేసరికి అవ్వకు పుండూ ఉంది, భుజం నొప్పీ ఉంది. బిడ్డ మంచం పట్టె మీద కూర్చుని అడిగింది: "అవ్వా, నిన్ను ఎట్ల లేపితే నొప్పి కాదు?"

అవ్వకు మాట ముద్దగా వస్తుంది. అయినా కూడబలుక్కుని చెప్పింది. "చెయ్యి గుంజకు బిడ్డా, నడుము పట్టు. నన్ను గోడ దిక్కు కాదు, వాకిలి దిక్కు మర్లెయ్. వచ్చే పోయేటోళ్లు కనపడాలె."

బిడ్డ ఆస్పత్రికి పోయి, పుండ్లకు కట్టుకట్టే నర్సమ్మను బతిమాలి ఇంటికి తెచ్చింది. వదినలిద్దరినీ, జనగామ ఆయమ్మనూ పిలిపించింది. నర్సమ్మ ఉపన్యాసం ఇవ్వలేదు. చిన్నవదినను మంచం మీద పడుకోమని, కుడిపక్క అసలే కదిలించొద్దని చెప్పి, "మీ అత్తమ్మను లేపినట్టే ఈమెను లేపు" అంది పెద్దవదినతో. ఆమె చెయ్యి పట్టి గుంజింది. పడుకున్నామె "అబ్బా" అని కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అందరికీ తొందరగానే పట్టుబడింది: మోకాళ్లు మడిచి పక్కకు తిప్పడం, కాళ్లు మంచం కిందికి దించడం, భుజం వెనక చెయ్యేసి కూర్చోబెట్టడం, కుర్చీని సత్తువున్న ఎడమ దిక్కే వేయడం. తిప్పడంలో, దిండ్లు పెట్టడంలో ఒడుపు ఆయమ్మ చూపింది. ఏ వేళకు లేపాలో అవ్వ చెప్పింది. మిక్సీలో తిప్పిన అన్నం సయించదని, మెత్తగా ఉడికిన జొన్నగటక కావాలని కూడా చెప్పింది. అది ఆయమ్మకు కొత్త పాఠం.

పుండు మానడానికి నెలలు పట్టింది. చెయ్యి మళ్లీ రాలేదు. నీళ్లు మాత్రం అవ్వ అడిగి తాగింది.

నీతి: ముసలివాళ్ల సేవకు ప్రేమ చాలదు, డబ్బు చాలదు, వేరొకరు విని వచ్చిన చదువూ చాలదు. చేసే చేతులే నేర్వాలి, మంచం మీది మనిషిని అడిగి నేర్వాలి.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్ పిల్లల చేత నెలకు 10,000 రూపాయల దాకా ఇప్పించగలదు. కష్టమొస్తే చెప్పుకోవడానికి 14567 హెల్ప్‌లైన్ ఉంది. అన్నం పెట్టని కొడుకును చట్టం నిలదీస్తుంది, అది కావాల్సిందే. ప్రేమగా చూస్తూనే భుజం జారేలా గుంజే చేతికి చట్టం ఏం నేర్పగలదు? 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం డాక్టర్లకు, నర్సులకే కాదు, ఇంట్లో చూసుకునేవాళ్లకు కూడా సేవ నేర్పాలని తన లక్ష్యాల్లోనే రాసుకుంది. ఆ మాట ఎవరైనా గట్టిగా పట్టుకోవాలి.

కథలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబరులో కొత్త జిల్లాలయ్యాయి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామ, భూపాలపల్లిలకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. పెద్ద జబ్బు చేస్తే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి తప్ప మరో దిక్కు లేని పల్లెలకు ఇది చిన్న మార్పు కాదు. ఆ కాలేజీల పిల్లలు వార్డులతో పాటు ఊళ్లలో నులకమంచాల దగ్గరికీ రావాలని నా కోరిక. రెండువైపులా పైకెత్తే ఆస్పత్రి బెడ్ మీద నేర్చిన పద్ధతి, వంగిపోయిన నులక మీద అట్లాగే పనిచేయదు. జీతానికి చేసే ఆయమ్మలకు కూడా ఇంటివాళ్లు మొదటిరోజే ముసలామె దినచర్య చెప్పాలి.

ఇక శిక్షణ పెట్టేవాళ్లకు ఒక విన్నపం. దరఖాస్తులో పేరు, చదువు అడిగినట్టే, మీ ఇంట్లో పెద్దమనిషిని రాత్రిపూట లేపేది ఎవరని అడగండి. ఆ పేరు గలామెనే పిలవండి. ఆమె వచ్చిన పూట ఆ ఇంటి మంచం దగ్గర కూర్చోవడానికి ఇంకో మనిషిని పంపండి.