గుర్తుంచుకునే పూచీ ఎవరిది?

ముసలితనంలో రోగాలు ముదిరి, గొంతులో కఫం నిండి, చుట్టూ బంధువులు మూగినవేళ రాముడి స్మరణ కలుగుతుందో లేదోనని భద్రాచల రామదాసు దిగులుపడ్డాడు. అందుకే ఆనాటి భజన ఇప్పుడే చేసేస్తానని దాశరథీ శతకంలో విన్నవించుకున్నాడు.

మరి ఆ మరపు చావుకు పదేళ్ల ముందే వస్తే? డిమెన్షియా అంటే అదే. మన దేశంలో 60 దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

రామదాసు దిగులుకు వరాహ చరమశ్లోకంలో జవాబు దొరుకుతుంది. ఒళ్లూ మనసూ బాగున్న రోజుల్లో తనను తలచినవాడు చివరికి కట్టెలా, రాయిలా పడి ఉంటే, అప్పుడు తానే అతణ్ణి తలచుకుంటానని, పరమగతికి చేరుస్తానని అందులో వరాహస్వామి భూదేవికి మాటిచ్చాడు. మరచిపోయాడని భక్తుణ్ణి తప్పుపట్టలేదు. గుర్తుంచుకునే పూచీ తానే తీసుకున్నాడు. ఇంతటి అభయం ఉండగా, మతి తప్పిన పెద్దలను చూసి ‘చేసుకున్న కర్మ’ అనడానికి నోరెలా వస్తుంది? ఇది మెదడుకు వచ్చే జబ్బు. చనిపోయిన ఒక రోగి మెదడులో పేరుకున్న గారలను, చిక్కుపడిన పోగులను జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లోనే వివరించాడు. ఈ జబ్బును చాదస్తమని నవ్వుకోవడం, పరువు పోతుందని ఆ మనిషిని గదిలో దాచడం రెండూ అన్యాయమే.

చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు ‘నేనెవరో చెప్పుకో చూద్దాం’ అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ జవాబు తట్టని ఆ మనిషికి అది పరీక్ష, ఆపైన అవమానం. ‘అత్తయ్యా, నేను మీ మేనకోడలిని’ అని ముందే చెబితే సరిపోతుంది.

పేర్లు జారిపోయాక కూడా పాట చాలాకాలం నిలవడం వైద్యులు గమనించిన సంగతే. కన్నకొడుకును పోల్చుకోలేని తల్లి సుప్రభాతం వినబడగానే గొంతు కలపవచ్చు. రామదాసు ముందుచూపు ఎంత గట్టిదో అక్కడ తెలుస్తుంది.

ఇక సేవ చేసేవారి మాట. ఆ భారం చాలా ఇళ్లలో భార్య మీదో, కోడలి మీదో పడుతుంది. రాత్రి నిద్ర ఉండదు, అడిగిందే అడుగుతుంటే ఓపిక నిలవదు. ఊరి భజన మండలి వాళ్లు వంతులేసుకుని వారానికో పూట పెద్దాయన దగ్గర కూర్చుంటే ఆమె కాస్త కునుకు తీయగలదు, అదీ భగవత్సేవే. సలహా కావాలంటే వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయవచ్చు.