ఇంటి గుట్టు - మనసు గాయం

“ఇంటి గుట్టు లంకకు చేటు” అన్నారు మన పెద్దలు. ఇంట్లో జరిగింది గడప దాటకూడదని పిల్లలకు చిన్ననాటి నుండే నేర్పుతాం. అది మంచి అలవాటే. కాని నెలల తరబడి నిద్రపట్టని ఇల్లాలికో, పుస్తకం తెరవగానే చేతులు వణికే విద్యార్థికో “ఒకసారి కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళు” అని సలహా ఇస్తే, ఈ సామెతే అడ్డు వస్తుంది. “మా ఇంటి సంగతులు పరాయివారికి ఎలా చెప్పేది ఫాదర్? తల్లిదండ్రుల గురించి, భర్త గురించి చెడుగా మాట్లాడితే పాపం కాదా?” అని అడుగుతారు. ఇది వట్టి సాకు కాదు. మనస్సాక్షి గలవారు అడిగే ప్రశ్న. కనుక ఆలోచించి సమాధానం చెప్పాలి.

ముందుగా అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకుందాం. తెలియకపోవడం వల్లనే సగం భయం. మొదటిసారి సాధారణంగా ముప్పావు గంట నుండి గంట వరకు కూర్చుంటారు. బాధ ఎప్పుడు మొదలైంది, నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇంతకుముందు ఏదైనా వైద్యం జరిగిందా అని అడుగుతారు. చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని కూడా అడగవచ్చు. అది అవమానించడానికి కాదు, ప్రాణం కాపాడడానికి. నిజం చెప్పండి. అన్నీ మొదటిరోజే చెప్పనవసరం లేదు. కౌన్సెలర్ మందులు రాయరు. అవి అవసరమనిపిస్తే మానసిక వైద్యుని వద్దకు పంపుతారు. “తప్పు నీదే” అని తీర్పు చెప్పడం, “ఇలాగే చెయ్యి” అని ఆజ్ఞాపించడం వారి పని కాదు. మనం మన బాధను స్పష్టంగా చూడడానికి తోడుంటారు. తరచుగా వారానికొకసారి చొప్పున కొంతకాలం వెళ్ళవలసి ఉంటుంది. మొదట్లో బరువు తగ్గకపోగా పెరిగినట్లు అనిపించవచ్చు. పుండు కడిగేటప్పుడు మంట పుట్టదా? మీరు ఎక్కడ శిక్షణ పొందారు, ఫీజు ఎంత, నా మాటలు ఎవరికి తెలుస్తాయి అని అడిగే హక్కు మనకు ఉంది. ఎంతకీ కుదరకపోతే మరొకరి వద్దకు వెళ్ళడం తప్పు కాదు.

ఇక అసలు ప్రశ్న. ఇతరుల దాగిన తప్పులను తగిన కారణం లేకుండా బయటపెట్టడం ఎనిమిదవ ఆజ్ఞకు విరుద్ధమని శ్రీసభ బోధిస్తున్నది. ఇక్కడ “తగిన కారణం లేకుండా” అన్న మాటే ముఖ్యం. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసువారు ఈ విషయాన్నే పరిశీలించారు. ఎదుటివాని పేరు చెడగొట్టాలన్న ఉద్దేశంతో కాక, అవసరమైన ఒక మేలు కోసం, తగిన జాగ్రత్తతో చెప్పిన మాట పాపం కాదన్నారు. తండ్రి తాగి వచ్చిన రాత్రుల గురించి కూతురు కుళాయి దగ్గర నలుగురిలో చెబితే అది చాటుమాటు నింద. అదే మాటను తనకు నయం కావడానికి కౌన్సెలర్‌తో చెబితే, అది డాక్టరుకు గాయం చూపడం. మాట ఒక్కటే. ఎవరికి, ఎందుకు చెప్పామన్నదే తేడా.

మరి తల్లిదండ్రులను గౌరవించమన్న నాలుగవ ఆజ్ఞ? గౌరవించడమంటే వారిలో లోపమే లేదని అబద్ధమాడడం కాదు. పైగా, జరిగిందని ఒప్పుకోని దానిని క్షమించడం ఎవరికీ సాధ్యం కాదు. “నాన్న నన్ను బాధపెట్టాడు” అని నోరు తెరిచి అనగలిగిన రోజునే ఆయనను క్షమించే దారి మొదలవుతుంది.

అయితే ఒక హద్దు ఉంది. కౌన్సెలర్ గది కోర్టు కాదు. అత్తగారి మీదో, భర్త మీదో తీర్పు సంపాదించడానికి అక్కడికి వెళ్ళకూడదు. ఇంటికి వచ్చి “ఆవిడ కూడా నీదే తప్పంది” అని దెప్పడం మందును విషంగా మార్చడమే. ఇంట్లోవారికీ ఒక బాధ్యత ఉంది. వెళ్ళివచ్చినవారిని “నా గురించి ఏం చెప్పావు?” అని నిలదీయకండి.

గోప్యత విషయం కూడా తెలిసి ఉండాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారి వివరాలను రహస్యంగా ఉంచాలంటుంది. కాని ప్రాణాపాయం ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరగబోతున్నప్పుడు మినహాయింపులు ఉన్నాయి. పిల్లలపై లైంగిక నేరం జరిగితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు ఫిర్యాదు చేసి తీరాలి. పాపసంకీర్తన రహస్యానికి మాత్రం ఏ మినహాయింపూ లేదు. ఈ రెండింటినీ కలపకండి. పాపానికి క్షమాపణ కావాలి, గాయానికి చికిత్స కావాలి. కౌన్సెలర్ పాపవిమోచన ఇవ్వలేరు. అలాగే, నిద్రపట్టకపోవడం, గుండెదడ పాపాలు కావు గనుక వాటిని పాపసంకీర్తనలో ఒప్పుకోవలసిన పని లేదు.

“ప్రార్థన చాలదా?” అంటారు కొందరు. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదవండి. ప్రాణం విసిగి చావును కోరుకున్న ఏలియాను దేవదూత మందలించలేదు. రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. దేవుని మెల్లని స్వరం ఆయనకు వినిపించింది ఆ తరువాతనే. ఆత్మసంరక్షణలో మనస్తత్వశాస్త్రాన్ని కూడా ఉపయోగించుకోవాలని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. కనుక జపమాల మానవద్దు, కౌన్సెలర్‌నూ మానవద్దు.

దగ్గరలో ఎవరూ లేకపోతే, 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్ళు పలుకుతారు. ఇంట్లో ఎవరైనా చావు మాట ఎత్తితే, ఫోన్‌తో సరిపెట్టకుండా వెంట ఉండి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

విశ్రాంతి దినం మనిషి కోసమే గాని మనిషి దాని కోసం కాదని ప్రభువు బోధించారు. గుట్టు సంగతీ అంతే. ఇంటిని నిలబెట్టడానికే గుట్టు. ఇంట్లో మనిషే లోలోపల కూలిపోతుంటే, ఆ గుట్టు ఎవరిని కాపాడుతున్నట్టు?