ఓర్పును మౌనమును

సద్గుణములకు బహిరంగ శత్రువులైన దుర్గుణములకంటె, సద్గుణముల వేషము ధరించిన దుర్గుణములే లోకమునకు ఎక్కువ కీడు చేయుచుండును. లోభము పొదుపు పేరునను, పిఱికితనము శాంతము పేరునను మన యిండ్లలో గౌరవముతో మెలగుచున్నవి. అట్టి వానిలో నొకటి ఓర్పు పేర చెల్లుబడి యగుచున్న మౌనము. క్రైస్తవ కుటుంబములలో దీనివలన గలుగుచున్న హానిని విచారించుటయే యీ వ్యాసమున నా యుద్దేశము. క్రైస్తవులు గాని చదువరులును దీనిలో తమ యింటి పోలికలు గాంచినచో నాశ్చర్యపడ నక్కఱలేదు.

శేరిలింగంపల్లి 1987లో మునిసిపాలిటీ యై, 2007లో మహా హైదరాబాదు నగరపాలక సంస్థలో గలిసెను. ఈ నడుమ 1998లో మాదాపూరున సైబరు టవర్సు తెఱవబడిన పిమ్మట కొండాపూరు, గచ్చిబౌలి, నల్లగండ్ల మొదలగు పల్లెల పొలములలో మేడలు లేచినవి. తెలుగునాటి నలుమూలలనుండి చదువుకొన్న యువదంపతులు వచ్చి యిచట కాపురములు పెట్టిరి. వారిలో గుంటూరు, ఒంగోలు, మెదకు, దోర్నకలు ప్రాంతముల క్రైస్తవుల బిడ్డలును గలరు. 1842లో హయ్యరు దొర గుంటూరు చేరిన నాటినుండి అచటి సంఘములు పల్లెలలోనే పెరిగినవి. పల్లెలో ఇంటి కలహము గోడ దాటి వినబడును. పొరుగింటి అవ్వయో, మేనమామయో, ఉపదేశిగారి భార్యయో వాకిట నిలిచి, ఏమి జరిగినదని యడుగుదురు. ఆ యడుగుటలో నెల్లప్పుడును న్యాయముండెనని నేననను. పెద్దలు పలుమారు మగవాని పక్షమే వహించిరి. అయినను దుఃఖము వినబడుచుండెను. పదునాలుగవ అంతస్తున తలుపు మూసికొనిన పిదప, ఎదుటి యింటివారి పేరైనను మనకు తెలియదు. వెనుకటి మౌనమునకు గోడలు పలుచన. నేటి మౌనమునకు గోడలు గట్టివి.

అట్టి యింట నొక సంసారమును మనస్సున భావింపుడు. భార్యాభర్తలిరువురును కంపెనీ యుద్యోగులు. అమెరికావారి వేళలను బట్టి అతడు రాత్రులు పని చేయును; ఆమె పగలు చేయును. నెలనెల ఇంటి యప్పు వాయిదా తప్పదు. క్రమముగా వారి నడుమ మాటలు తగ్గినవి, పిదప పరుషములైనవి, ఒకనాడతడు చేయి చేసికొనెను. ఆదివారమున ఇరువురును మంచి బట్టలు గట్టి ఆరాధనకు బోయి, అడిగినవారికెల్ల దేవుని కృపవలన కుశలమే యని చెప్పిరి. ఆమె తల్లితో చెప్పుకొనగా, “ఓర్చుకో అమ్మా, మేము ఓర్చుకోలేదా? ప్రార్థన చెయ్యి, అతడే మారతాడు” అని తల్లి యనెను. సంఘకాపరితో చెప్పుకొనగా, క్షమించుటకు లెక్క పెట్టుకొనరాదన్న ప్రభువు బోధను జ్ఞాపకము చేసి పంపెను. ఆ తల్లియు, ఆ కాపరియు దుష్టులు గారు. ఆమె మేలు గోరినవారే. అయినను వారిరువురును గలిసి యామె నోరు మూసిరి.

ఓర్పునకు దృష్టాంతముగా మనవారు యోబును జెప్పుదురు. ఆ గ్రంథమును శ్రద్ధతో జదివినవా రట్లు చెప్పునపుడు కొంచెము తడబడవలసియుండును. యోబు తాను పుట్టిన దినమును శపించెను. దేవునితోనే వ్యాజ్యెమాడ దలచెను. అతని స్నేహితులు ఏడు దినములు నేలపై గూర్చుండి యూరకున్నంతవఱకు మంచి స్నేహితులుగనే యుండిరి. నీ పాపమే నీ కష్టమునకు కారణమని యుపదేశము మొదలిడిన పిదపనే చెడిరి. దేవుడు యోబును ప్రశ్నలతో గద్దించెను గాని, తన్ను గూర్చి యుక్తముగా బలికినవాడు యోబే యని చెప్పి, కోపించినది మాత్రము ఆ స్నేహితులపైననే.

హన్నా దేవుని మందిరమున పెదవులు మాత్రము కదలించుచు ఏడ్చుచుండగా, యాజకుడైన ఏలీ యామె త్రాగినదనుకొని గద్దించెను. ఆమె యాజకునకు వెఱచి మిన్నకుండలేదు. తాను త్రాగలేదనియు, మనోదుఃఖము కలదాననియు నుత్తరమిచ్చెను. ఏలీ తన పొరపాటును గ్రహించి యామెను దీవించెను. ఏలీ చేసిన పొరపాటు నేటి పెద్దలకు సులభము. ఏలీ చేసికొనిన దిద్దుబాటు మాత్రము కష్టముగానున్నది.

ఇక ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద గూర్చుండి చావు గోరెను. విశ్వాసము చాలదని దేవదూత యతని నిందింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చెను. నిద్ర పోనిచ్చి, మరల లేపి భోజనము పెట్టెను. ప్రశ్న పిదప వచ్చినది. మనమో, నిద్ర పట్టక, అన్నము సయింపక, ఏడుపు ఆగక బాధపడువారితో నీ ప్రార్థన తక్కువైనదందుము. వైద్యుని మాట యెత్తిన మాత్రమున ఎఱ్ఱగడ్డ పేరు చెప్పి నవ్వుదుము. ఆసుపత్రి పేరును తిట్టుగా మార్చుకొనిన సమాజమున రోగి తన రోగమును దాచికొనక యేమి చేయును?

క్షమాపణ మాటకు వత్తము. లెక్కలేనన్ని మారులు క్షమింపుమను బోధ మత్తయి సువార్త పదునెనిమిదవ అధ్యాయమున నున్నది. ఆ యధ్యాయమందే, ఆ బోధకు ముందుగా మఱియొక బోధ కలదు: తప్పు చేసినవాని యొద్దకు బోయి వాని తప్పును వానికి తెలుపవలెను, వినకున్న ఒకరిద్దఱిని వెంటబెట్టుకొని పోవలెను, అప్పుడును వినకున్న సంఘమునకు దెలుపవలెను. తప్పు పేరు చెప్పిన పిదపనే క్షమాపణము. మన పెద్దలు అధ్యాయము చివరి భాగమును బాధితురాలికి బోధించి, మొదటి భాగమును బాధించువానికి బోధించుట మఱచుచున్నారు. పేరు పెట్టబడని తప్పు క్షమింపబడదు; మఱుగుపడును.

ఇట్లు మాటాడనిచ్చినచో కాపురములు విఱుగునని కొందఱాక్షేపింతురు. వివాహము దేవుడు జతపఱచినదని నేనును నమ్ముదును. కాని యేసు ఆ మాట చెప్పినది యెవరితో? పురుషుడు ఏ హేతువుచేతనైనను భార్యను విడనాడవచ్చునా యని యడిగినవారితో. స్త్రీని వీథిపాలు గాకుండ గాచుటకు బలికిన మాటను, ఆమెను దెబ్బలలో బంధించుటకు వాడుట న్యాయమా? ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో భార్య లోబడవలెనను వాక్యమునకు ముందే ఒకరికొకరు లోబడవలెనను వాక్యము గలదు. పిదప భర్త తన్ను తాను అర్పించుకొనునంతగా ప్రేమింపవలెనని కలదు.

మన చట్టము చరిత్రయు నీ పక్షపాతమునే చూపుచున్నది. 1869 నాటి విడాకుల చట్టమున క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచార మొక్కటి ఋజువైన చాలును. భార్యకు క్రూరత్వ మొక్కటి యెంత ఘోరమైనను విడాకులకు చాలకపోయెను. దానితో వ్యభిచారమును గూడ ఋజువు చేయవలసియుండెను. 1995లో కేరళ హైకోర్టు అందలి యన్యాయమును ఖండించెను. 2001లో పార్లమెంటు చట్టమును సవరించెను. నూట ముప్పదిరెండేండ్లు చట్టమే యామెను మౌనముగా నుండుమని చెప్పినది. చట్టము మారినను మన నాలుక మారలేదు. మాటాడిన పిదప కొన్ని కాపురములు నిలువకపోవచ్చును, అది దుఃఖకరమే. కాని పిల్లలు తలుపు చాటున వణకుచు వినుచుండగా నిలిచినది కాపురమా, గోడలా యని మన మడుగవలెను.

ఈ మౌనము పురుషుని గూడ విడువలేదు. ఉద్యోగము పోయిన సంగతి భార్యకు చెప్పలేక, ప్రతి యుదయమును సంచి భుజాన వైచికొని బయలుదేరు భర్త దయనీయుడు. మగవాడేడువరాదని నేర్పిన సమాజమే అతని దుఃఖమును కోపముగా మార్చినది. అది యతని చేతి దెబ్బకు క్షమార్పణము గాదు. అతనికిని చికిత్స గావలెననుటకు కారణము.

ప్రార్థన వలదని నే ననుట లేదు. ప్రార్థనతో గూడ వైద్యుని, న్యాయవాదిని, నమ్మదగిన పెద్దను ఆశ్రయించుట అవిశ్వాసము గాదు. స్త్రీలకు 181, మనోవ్యథ గలవారికి 14416 అను ఫోను నంబరులు గలవు. వానిని ఆలయపు ప్రకటన పలకపై వ్రాయుటకు ఖర్చేమియు లేదు.

పెండ్లికి ముందు మన యాలయములలో మూడాదివారములు ప్రకటన చేసి, ఆటంకమెఱిగినవా రుండినచో జెప్పవలెనని సంఘమంతయు వినునట్లడుగుదురు. పెండ్లి యైన మఱునాటినుండి అడుగువారు లేరు. ముమ్మాఱు మాటాడుమని కోరిన సంఘము, పిదప జీవితాంతము మాటాడవలదని కోరుట వింత గాదా? ఏడాదికొకమాఱు కాపరియు, అతని భార్యయు ప్రతి యింటికి బోయి, భర్తను వేఱుగను భార్యను వేఱుగను గూర్చుండబెట్టి, అమ్మా, నీవు కుశలమేనా, అయ్యా, నీవు కుశలమేనా యని యడిగి, ఉత్తరము వచ్చువఱకు ఓర్పుతో వేచియుందురు గాక. ఓర్పు మొదట నేర్వవలసినవారు వినువారు.